మరక సంగతి తర్వాత, ముందు అది ఏ బండో చూడండి

దీపావళికి ఇల్లు దులిపే రోజులు కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ బాత్రూం దగ్గరే ఆగిపోయాయి. ఒకరిది తెల్ల మరక, ఒకరిది ఎర్ర మరక, ఇంకొకరిది నలుపు. అందరూ అడిగింది మాత్రం ఒకటే, "ఏది పోస్తే పోతుందక్కా?" అని. నేను తిరిగి అడిగేదీ ఒకటే, కింద ఉన్నది ఏ రాయి? అది చెప్పకుండా మందు అడిగితే నేనేం చెప్పను? కొందరు రాశారు, కొందరు రాయలేదు. రాయనివాళ్లకు రెండు రకాలుగానూ చెప్తున్నాను, మీ ఇంట్లో ఏదో చూసుకుని చేసుకోండి.

ప్రశ్న: అక్కా, మాది పాత ఇల్లు, బాత్రూంలో తాండూరు బండలు. బోరు నీళ్లకు నల్లా కింద తెల్లగా అట్ట కట్టింది. మా ఆయన బండి మీద అమ్మే యాసిడ్ సీసా తెచ్చి పోస్తే బుసబుసా పొంగి తెలుపయితే పోయింది. కానీ అక్కడ బండ బూడిద రంగుకు వచ్చి గరుకుగా తయారైంది, ఇప్పుడు మురికి కూడా అక్కడే తొందరగా పడుతోంది. ఇంకోసారి యాసిడ్ పోస్తే నున్నగా అవుతుందా? – ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: వద్దు చెల్లీ, ఆ సీసా మూత ఇక తీయకండి. మీరు చూసిన ఆ పొంగు మరక ఒక్కటే కరిగితే వచ్చింది కాదు, బండ కూడా కరిగింది. తాండూరు బండ అయినా షాబాదు బండ అయినా సున్నపురాయే. బోరు నీళ్లలో కరిగి వచ్చే సున్నం, నీళ్లు ఆరిపోయాక నల్లా కింద పేరుకుంటుంది, అది కాల్షియం కార్బొనేటు. కింద ఉన్న బండలో ఎక్కువ భాగం కూడా కాల్షియం కార్బొనేటే. మరకా సున్నమే, బండా సున్నమే అయినప్పుడు ఏది తినాలో ఏది వదలాలో యాసిడ్‌కు ఎలా తెలుస్తుంది, రెండింటినీ తింటుంది.

కాబట్టి ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఆ బూడిద రంగు మరక కాదు, రాయి పై పొర పోయిన గుర్తు. దాన్ని ఏ పొడితో తోమినా, ఏ ద్రవం పోసినా పోదు. జాగా చిన్నదైతే హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) దొరుకుతుంది, ముందు 220 నంబరు, తర్వాత 400, ఆఖరికి 600 తీసుకుని, బండ మీద నీళ్లు పోస్తూ గుండ్రంగా రుద్దండి. చేతులు లాగుతాయి కానీ గరుకు తగ్గుతుంది. బాత్రూం మొత్తం అలాగే ఉంటే మాత్రం బండలకు పాలిష్ పట్టే మేస్త్రీని పిలవడమే మేలు, మిషన్ తెచ్చుకుని పై పొర అరగదీసి మెరుపు తెప్పిస్తాడు.

మరి ఇలాంటి బండ మీద తెల్ల అట్ట కడితే ఏం చేయాలి అంటారా? నానబెట్టి, ప్లాస్టిక్ గరిటె లాంటి దానితో గీకాలి, మిగిలింది వాటర్ పేపర్‌తో తీయాలి. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు పులుసు, ఇవన్నీ కూడా పులుపే కాబట్టి చిన్న యాసిడ్‌లే, ఈ బండ మీద ఏదీ వద్దు. పాలరాయికీ, పాతిళ్లలో కనిపించే మొజాయిక్ గచ్చుకీ ఇదే మాట, మొజాయిక్‌లో ఉండేవి పాలరాయి ముక్కలే కదా. మీ బండ ఏదో తెలియకపోతే తలుపు వెనక, ఎవరికీ కనిపించని మూల ఒక్క చుక్క నిమ్మరసం వేసి దగ్గరగా చూడండి. సన్నగా బుడగలు వస్తే, లేదా కాసేపటికి తుడిచాక మెరుపు పోయి మచ్చ మిగిలితే, అది సున్నపు జాతి రాయి. మన కరీంనగర్ గ్రానైట్ అయితే ఏమీ కాదు. అలాగని గ్రానైట్ మీద ఘాటు యాసిడ్ పోయమని కాదు, కొన్ని గ్రానైట్‌లలో ఇనుము ఉంటుంది, యాసిడ్ తగిలితే అది పైకి తేలి పసుపుపచ్చగా మచ్చలు పడతాయి, అప్పుడు ఉన్న మరకకు తోడు ఇంకొకటి.

ఇంకో మాట. బండి మీద యాసిడ్ అని రాశారు. కొనేవాళ్ల పేరు, అడ్రసు రాసుకోకుండా, గుర్తింపు కార్డు చూడకుండా యాసిడ్ అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది, 18 ఏళ్లలోపు వాళ్లకైతే అసలే అమ్మకూడదు. అయినా గల్లీల్లో కేక వేసుకుంటూ అమ్ముతూనే ఉన్నారు. మిగిలిన యాసిడ్‌ను ఆరుబయట బకెట్ నిండా నీళ్లు పెట్టి, ఆ నీళ్లలోకి కొద్దికొద్దిగా వంచండి, యాసిడ్‌లోకి నీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకండి, ఎగిసి మీద పడుతుంది. తర్వాత పొంగు ఆగేదాకా కాస్త కాస్త వంటసోడా వేస్తూ పోయి, అప్పుడు పారబోయండి. చేతులకు గ్లవ్స్ ఉండాలి, కళ్లకు అద్దాలుండాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు.

ప్రశ్న: మేం నలుగురం బ్యాచిలర్స్. రూం ఖాళీ చేస్తున్నాం. బాత్రూంలో సిరామిక్ టైల్స్, అన్నీ తెల్లగా పొరలు పొరలుగా ఉన్నాయి. అవి పోకపోతే అడ్వాన్స్‌లో కోసేస్తానని ఓనర్ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. టైల్స్‌కు ఏమీ కాదంటున్నారు కాబట్టి యాసిడ్ పోసెయ్యమంటారా? – ఒక విద్యార్థి, కాజీపేట

జవాబు: టైల్‌కు ఏమీ కాదు తమ్ముడూ, నిజమే. కానీ టైల్‌కూ టైల్‌కూ మధ్య సందులు ఉన్నాయి చూశారా, అక్కడ నింపింది వైట్ సిమెంట్. యాసిడ్ పోసిన ప్రతిసారీ అది కొంచెం కొంచెం లేచిపోతుంది. ఆ ఖాళీలోంచి స్నానం నీళ్లు కిందికి దిగుతాయి, కొన్నాళ్లకు కింది పోర్షన్ వాళ్ల స్లాబు చెమ్మ పడుతుంది. అప్పుడు మీ ఓనర్ అడ్వాన్స్‌తో ఊరుకుంటాడా?

మీ టైల్స్ మీద ఉన్నది ఒక్క పొర కాదు, రెండు కలిసి ఉంటాయి. బోరు ఉప్పు నీళ్లలో సబ్బు నురగ రాదు కదా, ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డుగా మారి గచ్చుకు అతుక్కుంటుంది. దాని కింద అసలు సున్నం. మీరు నేరుగా పులుపు వేస్తే పైన జిడ్డు అడ్డుపడి లోపలికి పోదు, అందుకే చాలామంది "ఎంత తోమినా పోవట్లేదు" అని రాస్తారు. కాబట్టి మొదట వేడినీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ గానీ బట్టల సర్ఫ్ గానీ ఎక్కువగా కలిపి పోసి, పావుగంట ఆగి, గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో తోమి కడిగేయండి. ఇది జిడ్డు కోసం.

తర్వాత కిరాణా షాపులో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) అడగండి, చాలా చవక. లీటరు వేడినీళ్లకు మూడు నాలుగు పెద్ద చెంచాలు వేసి కరిగించండి. ముందు టైల్స్ మీద, సందుల మీద మామూలు నీళ్లు పోసి తడపండి, సందులు నీళ్లు పీల్చుకుని ఉంటే పులుపు లోపలికి ఎక్కువ దిగదు. అప్పుడు ఈ నిమ్మ ఉప్పు నీళ్లు మరక ఉన్నచోట పోసి, ఆరిపోకుండా పాత బట్ట పరిచి, ఇరవై నిమిషాలు వదిలేయండి. తోమండి, కడగండి. మందంగా ఉన్నచోట రెండోసారి చేయాల్సి వస్తుంది. ఒక్కసారికే పోవాలని గాఢత పెంచకండి, తొందర పడితే నష్టపోయేది సందులే. స్టీలు పీచు మాత్రం వాడొద్దు, టైల్ మీది గాజు పూత గీతలు పడితే ఆ గీతల్లో ఇరుక్కున్న మురికి ఇక ఎవరూ తీయలేరు.

ఇదంతా బోరు నీళ్ల పుణ్యం. తాగే నీళ్లకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన లెక్కలో లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం (నీళ్లలో కరిగిన సున్నం లాంటి లవణాలు) దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మన పక్క చాలా బోర్లు ఈ గీత దాటి పోతాయని నల్లా చూస్తేనే తెలుస్తుంది. ఎల్‌ఎండీ (దిగువ మానేరు డ్యాం) నుంచి కాకతీయ కాలువ మీదుగా ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువులకు వచ్చి మున్సిపాలిటీ నల్లాల్లో పడే నీళ్లలో ఇంత సున్నం ఉండదు. కొత్త రూంలో రెండు రకాల నీళ్లూ ఉంటే బాత్రూం కడిగాక చివరి బకెట్ మాత్రం మున్సిపాలిటీ నీళ్లది పోసి వైపర్‌తో లాగేయండి. అలాగే చేరే రోజే బాత్రూం ఫొటోలు తీసి ఓనర్‌కు పంపి పెట్టుకోండి, అడ్వాన్స్ గొడవకు అంతకంటే మందు లేదు.

ప్రశ్న: మా ఆయన సింగరేణిలో పని చేస్తారు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేస్తే బాత్రూం టైల్స్ సందులన్నీ నల్లగా అయ్యాయి. బ్లీచింగ్ పౌడర్ వేశా, యాసిడ్ వేశా, నలుపు అలాగే ఉంది. – గోదావరిఖని

జవాబు: ఉంటుందమ్మా. బొగ్గు అంటే చాలావరకు కార్బన్. బ్లీచింగ్ రంగును విరగ్గొడుతుంది, యాసిడ్ సున్నాన్ని కరిగిస్తుంది, బొగ్గు ఈ రెండింటికీ లొంగే జాతి కాదు. అది రంగులా అంటుకోలేదు, సన్నటి పొడిగా సందు సిమెంటు రంధ్రాల్లో కూర్చుంది. దాన్ని బయటికి లాగడమే దారి. వేడినీళ్లలో సర్ఫ్ చిక్కగా కలిపి సందుల వెంట పోసి, కాసేపు నాననిచ్చి, పాత పళ్ల బ్రష్‌తో సందు పొడుగునా కాకుండా అడ్డంగా తోమండి, నురగ నల్లబడగానే నీళ్లు పోసి ఊడ్చేయండి. ఆ నల్ల నురగను అక్కడే ఆరనిస్తే మళ్లీ అదే సందులోకి పోతుంది.

మీరు యాసిడ్ వేశానన్నారు, దానివల్ల సందు ఇంకా గుల్లబారి బొగ్గుకు మరింత చోటు దొరికి ఉంటుంది. మేస్త్రీతో పాత వైట్ సిమెంట్ గీకించి ఎపాక్సీ (సందుల్లో నింపే ఒక రకం గట్టి జిగురు) నింపించండి. ఖరీదు ఎక్కువే, కానీ నీళ్లు పీల్చదు, పొడి లోపలికి పోదు. క్వార్టర్ అయితే అంత ఖర్చు ఎందుకులే అనిపిస్తుంది, అప్పుడు స్నానం చేసే మూల వరకే చేయించుకోండి. ఆయన స్నానానికి దిగే ముందే గచ్చంతా తడిపి ఉంచితే బొగ్గు పొడి నీళ్ల మీదే జారి పోతుంది, పొడి గచ్చు మీద పడితేనే అతుక్కుంటుంది. ఖర్చు లేని పని, ఇవాళే మొదలుపెట్టండి.

ప్రశ్న: టైల్స్ మీద బకెట్ కింద, షేవింగ్ క్రీమ్ డబ్బా కింద గుండ్రంగా జంగు మరకలు. బ్లీచ్ వేస్తే తగ్గకపోగా ఇంకా ఎర్రబడ్డాయి. – కరీంనగర్

జవాబు: జంగు మీద బ్లీచ్ వేయకూడదు. బ్లీచ్ ఇనుమును ఇంకా తుప్పు పట్టిస్తుంది, మీకు అయ్యింది అదే. నిమ్మ ఉప్పును కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి మరక మీద పెట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి గంట ఉంచండి. కానీ ఇంతకుముందు వేసిన బ్లీచ్ అక్కడ ఏమాత్రం ఉండకూడదు, ముందు బాగా కడిగి, ఆరాకే ఈ పని. పోకపోతే పాలిష్ మేస్త్రీలు వాడే ఆక్సాలిక్ యాసిడ్ పొడి ఉంటుంది, జంగుకు అది బాగా పని చేస్తుంది. విషం కాబట్టి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, వంటింటి డబ్బాల్లో పోసి పెట్టొద్దు, చూడ్డానికి ఉప్పులాగే ఉంటుంది. తాండూరు బండ, పాలరాయి అయితే ఇవి రెండూ కాదు, రాతి కోసమే అమ్మే, యాసిడ్ లేని జంగు మందు అడగండి.

ప్రశ్న: ఒక వీడియోలో చూసి టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్ పౌడర్, వంటసోడా మూడూ కలిపి పోశాను. పచ్చటి ఘాటు వాసన వచ్చి ఊపిరాడలేదు, రెండు రోజులు దగ్గు. మరక మాత్రం పోయింది! మళ్లీ చేయొచ్చా, మాస్క్ పెట్టుకుని? – వరంగల్

జవాబు: చేయొద్దు, మాస్క్ పెట్టుకున్నా చేయొద్దు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది, అది బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికుల మీదికి వదిలింది ఇదే గ్యాస్. గుడ్డ మాస్క్ దీన్ని ఆపదు. గాలి కంటే బరువైంది కాబట్టి కిందే, మీరు కూర్చుని తోమే ఎత్తులోనే నిలుస్తుంది, మన బాత్రూంలకు ఉండేది అరచేతంత వెంటిలేటర్. వీడియో తీసినాయన కెమెరా ఆపాక ఎంత దగ్గాడో ఎవరికి తెలుసు.

ఎప్పుడైనా పొరపాటున కలిస్తే కడుగుదామని అక్కడ నిలబడకండి. వెంటనే బయటికి వచ్చి తలుపు బార్లా తీసేయండి, ఘాటు పోయేదాకా లోపలికి వెళ్లొద్దు. కళ్లు మండితే పావుగంటకు తగ్గకుండా మంచినీళ్లతో కడగాలి. ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. మీకు రెండు రోజులు దగ్గు వచ్చిందన్నారు, ఇప్పటికీ మెట్లు ఎక్కితే ఆయాసంగా ఉంటే ఒకసారి డాక్టరుకు చూపించుకోండి.

ఆ వంటసోడా సంగతి కూడా చెప్పాలి. నిమ్మరసం, వంటసోడా కలిపి పొంగించే చిట్కా కూడా అందరూ పంపుతున్నారు. పొంగు చూడ్డానికి బాగుంటుంది కానీ పులుపును సోడా చంపేస్తుంది, సోడాను పులుపు చంపేస్తుంది, పొంగు దిగాక మిగిలేవి దేనికీ పనికిరాని ఉప్పు నీళ్లు. వాడితే ఏదో ఒకటి వాడండి.

ప్రశ్న: మా అత్తమ్మ బాత్రూంలో జారి పడబోయింది. షాబాదు బండలు, మూలల్లో పచ్చగా నల్లగా పాకుడు, మోరీ దగ్గర గులాబీ రంగు జిగురు. ఆమెకు 70 దాటాయి, భయంగా ఉంది. – జనగామ

జవాబు: మిగతా ఉత్తరాలన్నీ అందం గురించి, మీది నడుము గురించి, కాబట్టి ఇది ఇవాళే చేయండి. సగం బకెట్ నీళ్లకు రెండు పెద్ద చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి, కాసేపు కదపకుండా ఉంచి పైన తేరిన నీళ్లు మాత్రం పోయండి, అడుగున మిగిలేది సున్నం, అది పోస్తే బండ మీద తెల్ల మచ్చలు పడతాయి. పావుగంట ఆగి చీపురుతో కాదు, గట్టి బ్రష్‌తో తోమండి, పాకుడు చచ్చినా దాని పొర అక్కడే ఉంటుంది, జారేది ఆ పొర మీదే. సున్నపురాయి బండకు బ్లీచింగ్‌తో యాసిడ్‌లాంటి ప్రమాదం లేదు. పౌడర్ కొత్తది తీసుకోండి, మూత తెరిచి తేమలో పెట్టింది ఎంత వేసినా పని చేయదు.

గులాబీ జిగురు ఒక రకం బ్యాక్టీరియా, సబ్బు జిడ్డు మీద, తడి మీద బతుకుతుంది. దానికీ ఇదే మందు, కానీ తడి ఉన్నంతకాలం మళ్లీ వస్తుంది. స్నానాలయ్యాక వైపర్ లాగి, కిటికీ తెరిచి ఉంచండి. ఆమె కోసం గోడకు ఒక పట్టుకునే రాడ్ వేయించండి, టవల్ తగిలించే రాడ్ కాదు, అది మనిషి బరువు ఆగదు. స్టూలు మీద కూర్చుని స్నానం చేయమంటే ఒప్పుకోకపోవచ్చు, అయినా చెప్పి చూడండి.

ప్రశ్న: పెళ్లి నలుగు పెట్టాక బాత్రూం గచ్చు పచ్చగా ఉంది, సబ్బు పెడితే ఎర్రగా మారింది! – మెట్‌పల్లి

జవాబు: పసుపు పండే ఊరి వాళ్లకు నేను చెప్పాలా! సబ్బు క్షారం కాబట్టి పసుపు ఎర్రబడింది, బాగా కడిగితే మళ్లీ పచ్చబడుతుంది, కంగారు లేదు. పసుపు రంగు వెలుతురుకు విరిగిపోతుంది, కిటికీలోంచి ఎండ పడే గచ్చయితే వదిలేసినా పోతుంది. తొందరగా కావాలంటే సబ్బంతా కడిగి పలచటి బ్లీచ్ వేయండి.

ప్రశ్న: బతుకమ్మకు గునుగు పువ్వుకు రంగులద్దాం. వాకిట్లో వాన పడుతోందని బాత్రూంలోనే బకెట్లలో రంగు కలిపాం. పండగ అయిపోయింది, గచ్చు మీద గులాబీ, ఆకుపచ్చ, నీలం అలాగే ఉన్నాయి. సగం టైల్స్, సగం తాండూరు బండ. – హుజూరాబాద్

జవాబు: మీ గచ్చే ఒక బతుకమ్మలా ఉన్నట్టుంది. టైల్స్ మీదివి సులభం, షాపులో దొరికే ద్రవ బ్లీచ్‌కు నాలుగింతలు నీళ్లు కలిపి, పాత బట్ట ముంచి మరక మీద పరిచి అరగంట ఉంచండి, చాలావరకు పోతుంది. బండ రంగును లోపలికి పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ ఇదే పని రెండు మూడు రోజులు వరుసగా చేయాల్సి వస్తుంది, రోజురోజుకూ తేలిపోతూ ఉంటే సరైన దారిలోనే ఉన్నట్టు. అస్సలు కదలకపోతే అది నీళ్లలో కరగని పొడి రంగు అయి ఉంటుంది, దానికి బ్లీచ్ పనికిరాదు, పైన చెప్పిన వాటర్ పేపరే. ఏది చేసినా మధ్యలో టాయిలెట్ క్లీనర్ మాత్రం తేకండి, ఎందుకో వరంగల్ ఉత్తరంలో చదివారు కదా.

వచ్చే ఏడు రంగు నీళ్లు కలిపే ముందు గచ్చును బాగా తడిపి, కింద ప్లాస్టిక్ పట్టా పరుచుకోండి. ఆ బకెట్లకు పట్టిన రంగు మాత్రం పోదు, ప్లాస్టిక్ లోపలికి దిగిపోయి ఉంటుంది, వాటిని ఇక గునుగుకే ఉంచేసుకోండి.